అద్భుతం మాత్రమే అనవలెను

వీరవేణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన తెలియనితనం వల్ల ఏదో ఒక పసిబిడ్డకు ఏదో ఒకటి అయిపోతుందని. తన బిడ్డే కానక్కర్లేదు, ఏ బిడ్డయినా సరే. తొమ్మిదో తరగతి సగంలో ఆమె చేత బడి మానిపించారు. ఆ మిగిలిన సగంలోనే పిల్లల్ని బతికించే సంగతులన్నీ చెప్పేసి ఉంటారని, ఊళ్ళో తనొక్కదానికే అవి అందకుండా పోయాయని ఆమె గట్టి నమ్మకం. అందుకని చంటిదానికి నీళ్ళు పోసే ముందు మోచెయ్యి ముంచి చూసేది, అది చాలక అత్తగారి మోచెయ్యి కూడా ముంచమనేది. చంటిది నిద్రపోతే ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టేది. ఆ వేలికి అది ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, హమ్మయ్య బాగానే ఉంది అని జోకొట్టేది.

ఇంతటి భయస్తురాలికి కథలు రాసే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, 'రేవు దాటిన సరోజ' నుంచి వచ్చింది. అది రోజూ సాయంత్రం టీవీలో వచ్చే సీరియల్. అందులో సరోజ అత్తింటి బాధలు పడలేక పసిగుడ్డుని పొత్తిళ్ళలో పెట్టుకుని గోదావరి లంకలోంచి పడవెక్కింది. ఎక్కి నెల దాటింది. అవతలి గట్టు ఇంకా రాలేదు. రోజూ పడవలో ఆవిడ కళ్ళు, గాలికి ఆవిడ పైట, ఒడ్డున అత్తగారి కళ్ళు, మళ్ళీ ఆవిడ కళ్ళు. చూసి చూసి ఓపిక నశించిన అభిమానులు, సరోజని తామే గట్టు చేర్చుకుందామని ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పడవలో ఏం జరిగి ఉంటుందో ఎవరికి తోచినట్టు వాళ్ళు కథలు రాసి అందులో పెట్టేవారు. దాని పేరు సరోజ అభిమాన కథకుల సంఘం. అక్కడ అందరికీ కలం పేర్లే. వీరవేణి కలం పేరు తడి ఇసుక.

సామర్లకోటలో తమ రెండు గదుల ఇంట్లో, పొయ్యి గట్టుకి ఫోను ఆనించి, ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేతి బొటనవేలితో ఆమె మొదటి కథ రాసింది. పడవలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. పడవవాడి దగ్గర పుట్టతేనె ఉంటుంది. సరోజ తన వేలి ఉంగరం తీసి, తేనెలో ముంచి, బిడ్డ నాలిక మీద రాస్తుంది. బిడ్డ చప్పరించి నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తూ పడవవాడు తెడ్డు వెయ్యడం మరిచిపోతాడు. అందుకే పడవ ఇంకా గట్టు చేరలేదు.

సీరియల్ తీస్తున్నవాళ్ళకే తోచని కారణం ఒకటి దొరికేసరికి సంఘం ఊగిపోయింది. వీరవేణి మాత్రం కథ పెట్టేసి ఫోను బియ్యం డబ్బాలో దాచేసింది. ఎవరు ఏం తప్పు పడతారోనని భయం. భయపడాల్సిన పని లేదని తరవాత తెలిసింది. ఆ సంఘంలో తప్పు పట్టడం నిషేధం.

ఆ నిషేధం వెనక ఒక ఉపవాసం ఉంది. సంఘం అధ్యక్షుడు సోమసుందరం గారు రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాట్లాడితే దస్తావేజు చదివినట్టుంటుంది. ఆయన రాసిన కథలో సరోజ తల్లి రెండో భాగంలో చనిపోయి, ఐదో భాగంలో అల్లుడికి పప్పుచారు వడ్డించింది. ఒక సభ్యురాలు, బడిపంతులమ్మ, ఆవిడ మళ్ళీ ఎలా లేచిందండీ అని మర్యాదగానే అడిగింది. సోమసుందరం గారు అన్నం ముట్టడం మానేశారు. ఆయన భార్య ఫోన్ చేసి గోల పెట్టాక, అభిమాన రచయితల సున్నిత హృదయాలను కాపాడేందుకు విమర్శ సంక్షేమ విభాగం ఏర్పడింది. దానికి బాధ్యురాలు మణిమాల మేడం. కాకినాడలో మనోధైర్యం క్లాసులు చెబుతారు. ఎవరితో మాట్లాడినా, అప్పుడే ఆపరేషన్ చేయించుకుని కళ్ళు తెరిచిన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతారు.

మొదట్లో నియమం చిన్నదే. ఒక తప్పు చెప్పాలంటే ముందు రెండు మెచ్చుకోళ్ళు చెప్పాలి. కొన్నాళ్ళకి రచయితలు ఆ రెండు మెచ్చుకోళ్ళు చూడగానే మూడోది ఏమొస్తుందోనని వణకడం మొదలెట్టారు. దాంతో తప్పుని విడదీసి, కాగితం మీద రాసి, విభాగానికి పంపాలన్నారు. రచయిత మనసు సిద్ధపడ్డాక విభాగమే మెల్లగా తెలియజేస్తుంది. అంతదాకా విమర్శలన్నీ మణిమాల మేడం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటాయి. రచయిత మనసు సిద్ధపడిందని ఎలా తెలుస్తుంది? తను సిద్ధమేనని రచయిత అర్జీ పెట్టుకోవాలి. అయితే తనంతట తాను విమర్శ కోరుకునే మనిషికి తన మీద తనకు నమ్మకం తక్కువని విభాగం నిర్ధారించింది. నమ్మకం తక్కువైన మనిషికి విమర్శ తెలపడం క్రూరత్వం. కాబట్టి అర్జీ పెట్టనివాళ్ళకి పెట్టలేదు గనక, పెట్టినవాళ్ళకి పెట్టారు గనక, బీరువా తలుపు తెరవలేదు.

ఎవరూ దొడ్డిదారిన నొప్పించకుండా సభ్యుల ఫోన్ నంబర్లు దాచేశారు. ఒకరికొకరు విడిగా రాసుకునే వీలు కూడా తీసేశారు. నిజం చెప్పాలంటే ఈ ఏర్పాట్లకు అందరికంటే ఎక్కువ సంతోషించింది వీరవేణే. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరూ తప్పు పట్టని చోటు భూమ్మీద అదొక్కటే.

ఆమె కథ కింద వచ్చిన మెచ్చుకోళ్ళలో పిల్లకాలువ అనే అమ్మాయిది అన్నిటికంటే పొడుగు. నాకూ మొన్న శుక్రవారం పాపే పుట్టింది అక్కా, ఇంకా పురిటి మంచం మీదే ఉన్నా, పుట్టింట్లో మంచం మీంచి మిల్లు గొట్టం కనబడుద్ది, రైలు కూత వినబడుద్ది, అంతకు మించి ఏం తోచదు, నీ సరోజే నాకు తోడు అని రాసింది. చివర్లో ఇంకో ముక్క రాసింది. "బారసాల నాడు మా పాపకి కూడా సరోజలాగే ఉంగరంతో తేనె నాకిస్తానక్కా. మా అమ్మమ్మ ఉంగరం దాచి ఉంచాను."

వీరవేణి ఆ ముక్క మొగుడికి చదివి వినిపించింది, అత్తగారికి వినిపించింది, పాలవాడికి వినిపించబోతే వాడు తొందర పనుందని వెళ్ళిపోయాడు. తన కథని చూసి ఒక మనిషి ఒక పని చేస్తుందంటే, ఆమె ఒళ్ళు గాల్లో తేలినట్టయింది.

ఆ మెచ్చుకోలుతో సంఘంలో కొత్త ఇబ్బంది వచ్చింది. తడి ఇసుక గారికి అంత పొడుగు మెచ్చుకోలు వచ్చి తమకు రెండు ముక్కలే వచ్చాయని ఇద్దరు రచయితలు మనసు నొచ్చుకున్నారు. విభాగం అత్యవసరంగా సమావేశమైంది. పొట్టి మెచ్చుకోలు కూడా ఒక రకం విమర్శేనని తేలింది. ఆనాటినుంచి ఏ కథ కిందయినా, ఎవరైనా, అద్భుతం అన్న ఒక్క మాట మాత్రమే రాయాలి. బాగుంది అంటే అద్భుతం కాదని అర్థం వస్తుంది. మహాద్భుతం అంటే పక్కవాడిది ఉత్త అద్భుతమే అని అర్థం వస్తుంది.

అంతా ఇలా ప్రశాంతంగా ఉండగా, చంటిదానికి టీకా వేయించడానికి వీరవేణి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. ముందు నిలబడ్డ ముసలామె నర్సుతో, మనవడికి పుట్టగానే తేనె నాకించామని గొప్పగా చెబుతోంది. నర్సు సూది పక్కన పెట్టి ఆవిణ్ణి కేకలేసింది. ఏడాది నిండని బిడ్డకి తేనె బొట్టు కూడా పెట్టకూడదని, అందులో ఉండే విషక్రిమి పసివాళ్ళ పేగుల్లో పెరుగుతుందని, బిడ్డ పాలు తాగలేక మెడ వాల్చేస్తుందని, ఒక్కోసారి ఊపిరి దాకా వస్తుందని గడగడా చెప్పింది.

వీరవేణికి తన కథ గుర్తొచ్చింది. చంటిదానికి తను ఎన్నడూ తేనె పెట్టలేదు. పెట్టనిదల్లా తన బిడ్డకే. నర్సుని పట్టుకుని, ఒకావిడకి ఈ సంగతి చెప్పాలండి అంది. నర్సు ఏ ఊరంది. తెలీదండి అంది. పేరేంటంది. పిల్లకాలువండి అంది. నర్సు ఆమె నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది.

ఇంటికొచ్చి ముందు తన కథని తానే తీసెయ్యబోయింది. ఫోను ఒప్పుకోలేదు. తీసేసే హక్కు సంఘానిదే. కథ కింద, ఇది తప్పు, ఎవరూ తేనె పెట్టకండి అని రాసింది. ఆ వాక్యం విభాగం పరిశీలనకు వెళ్ళి, కాసేపటికి అద్భుతం అని మారి తిరిగొచ్చింది. మణిమాల మేడం నంబరు మాత్రం క్లాసుల బోర్డు మీద ఉంటుందని మొగుడు దొరబాబు చెప్పాడు. అతను ఆటో తోలతాడు, కాకినాడ బోర్డులన్నీ అతనికి కంఠతా వచ్చు. వీరవేణి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. నా కథలో తప్పుందండి, అందరికీ చెప్పండి అని బతిమాలింది.

మేడం చాలాసేపు ఊపిరి బరువుగా పీల్చి వదిలారు. ఆ తరవాత, "ముందు నిన్ను నువ్వు క్షమించుకోవాలి తల్లీ. నీ లోపల ఒక చిన్నారి వీరవేణి ఉంది. తనని దగ్గరకు తీసుకో," అన్నారు.

"చిన్నారి వీరవేణి బాగానే ఉందండి. పిల్లకాలువ గారి పాప సంగతండి."

అదే మాట ఎన్ని రకాలుగా చెప్పినా, పోనీ ఆవిడ నంబరైనా ఇమ్మన్నా, మేడం అన్నిటికీ ఊపిరే పీల్చారు. చివరికి విషయం అధ్యక్షుడి దగ్గరకు వెళ్ళింది. సోమసుందరం గారు ఆ సాయంత్రమే తీర్పు రాసి గ్రూపులో పెట్టారు. సదరు రచయిత్రి కూడా సదరు సంఘ సభ్యురాలే గనుకనూ, ఏ సభ్యుడు గాని సభ్యురాలు గాని ఏ సభ్యుల కథను గాని నొప్పించరాదని నియమం ఉన్నది గనుకనూ, తడి ఇసుక గారు తడి ఇసుక గారిని నొప్పించుటకు వీలు లేదు. ఈ తీర్పు కింద సభ్యులందరూ అద్భుతం అని రాశారు. పిల్లకాలువ కూడా రాసింది.

దొరబాబు ఆ తీర్పు రెండుసార్లు చదివి పెళ్ళాం వంక చూశాడు. "మొన్న పకోడీలో ఉప్పెక్కువైందంటే రెండ్రోజులు మాటాడలేదు నువ్వు. ఇప్పుడు నన్ను తిట్టండి మొర్రో అని ఊరందర్నీ అడుక్కుంటున్నావు. ఆ సంఘం మంచిదేనే."

ఆమె ఏడుపు మొహం చూసి ఆటో బయటికి తీశాడు. పెద్దాపురం వైపు కొంతదూరం వెతికి తిరిగొచ్చాడు. "మిల్లు గొట్టం, రైలు కూత. గోదారి జిల్లాలో ఆ రెండూ లేని ఊరేదో చెప్పు, అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ వెతుకుతాను," అన్నాడు.

ఇంతలో సంఘంవాళ్ళ దగ్గరనుంచి పిలుపొచ్చింది. ఆదివారం కాకినాడలో ఒక కల్యాణమండపంలో ఆత్మగౌరవ సభ పెడుతున్నారు. తన కథని తానే తప్పనుకునేంత వినయం ఈ రోజుల్లో అరుదు గనక, తడి ఇసుక గారికి వినయ శిరోమణి బిరుదు ఇస్తారు. వీరవేణి బిరుదు మాట వినలేదు. మైకు ఇస్తారా అని మాత్రం అడిగింది. ఇస్తారన్నారు. సభని గ్రూపులో కూడా చూపిస్తారన్నారు. పురిటి మంచం మీది మనిషి ఫోన్లో చూస్తుంది కదా అని ఆమె ఆశ.

ఆదివారం చంటిదాన్ని చంకనేసుకుని వేదిక ఎక్కింది. శాలువా కప్పారు. చంటిది శాలువా అంచు నోట్లో పెట్టుకుంది. మైకు చేతికొచ్చింది. నా కథలో తేనె అన్నానండి, అంది. సభ చప్పట్లు కొట్టింది. అది పెట్టకూడదండి, అంది. చప్పట్లు. పసివాళ్ళకి ప్రాణం మీదకొస్తుందండి, అంది. రచయిత్రి ఎక్కడ ఆగితే అక్కడ చప్పట్లు కొట్టి ధైర్యం ఇవ్వాలని సభకు ముందే సూచనలు ఇచ్చారు. ఆగకుండా చెబుదామని ఒక్క గుక్కలో మొదలెట్టింది. ఊపిరి అందక మధ్యలో ఆగింది. ఈసారి లేచి నిలబడి కొట్టారు. గ్రూపులో చూస్తున్నవాళ్ళకి ఆమె గొంతు కంటే చప్పట్లే ఎక్కువ వినబడ్డాయని తరవాత తెలిసింది.

వేదిక దిగుతూ ఆమె సోమసుందరం గారికి అడ్డం నిలబడింది.

"అయ్యగారూ, ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదంటండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా. కథలోని తేనె చరాస్తి కాదు, స్థిరాస్తి కాదు. అది భావన. భావనకు వయఃపరిమితి విధించే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు."

"ఆవిడ పెట్టేది నిజం తేనేనండి."

"అయితే అది కథకు సంబంధించిన విషయం కాదు. మన సంఘం పరిధిలోకి రాదు."

"మరి కథలోది తీసెయ్యండి."

"అది కథకు సంబంధించిన విషయం. కనుక నియమం వర్తిస్తుంది."

భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తనంతట తానే మాట కలిపాడు. ఆయన పిల్లల డాక్టరట. సంఘంలో ఆయన కలం పేరు నల్లమబ్బు. వీరవేణి చేతిలోని ముద్ద ఆకులో పెట్టేసింది. తేనె సంగతి ఆయనకి తెలుసా అని అడిగింది. తెలియకేమమ్మా, కథ చదివిన రోజే కాగితం మీద రాసి విభాగానికి పంపాను, ఆనందంగా స్వీకరించాము అని జవాబొచ్చింది, బీరువాలో ఉండే ఉంటుంది అన్నాడాయన. గ్రూపులో గట్టిగా చెప్పొచ్చు కదండీ అంటే, ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు.

"నేను అక్కడ డాక్టర్ని కాదమ్మా, నల్లమబ్బుని. పొద్దస్తమానూ ఆసుపత్రిలో జనాన్ని అది తినకు ఇది తినకు అంటూనే ఉంటాను. ఆ ఒక్క చోటే కదా, ఏం చూసినా అద్భుతం అనేసి హాయిగా ఉండేది."

ఆయన పెరుగు వడ్డించుకున్నాడు. వీరవేణికి ఆయన మీద కోపం రాలేదు. మొన్నటిదాకా తనకి కూడా అది హాయైన చోటే. అద్భుతం అన్న మాట వినబడ్డప్పుడల్లా ఒళ్ళు గాల్లో తేలినమాట నిజమే. ఆ తేలడంలో కింద ఎవరున్నారో కనబడలేదు, అంతే. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన్ని ఇంకొక్కటే అడిగింది. తేనె మానేసి బారసాలలో బిడ్డ నాలిక మీద ఏం రాయొచ్చు అని. తల్లిపాలు తప్ప ఏమీ వద్దమ్మా అన్నాడు.

తిరిగి ఆటోలో వస్తూ, పిఠాపురం మలుపు దగ్గర, వీరవేణికి ఒక సంగతి తట్టింది. ఆ సంఘంలో మాటలకు పరిశీలన ఉంది గాని కథలకు లేదు. కథని పెట్టకముందే చదవడమంటే దాన్ని తూచడమే, తూచడమంటే విమర్శే. కాబట్టి కథలు ఎవరూ చదవకుండానే గ్రూపులో పడతాయి. ఆటో ఆపమంది. దొరబాబు రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గర ఆపి, చంటిదాన్ని ఎత్తుకున్నాడు. ఆమె బొటనవేలితో రెండో కథ రాసింది.

అందులో పడవ గట్టు చేరింది. సీరియల్లో చేరనిది ఆమె కథలో ఒక్క వాక్యంలో చేరింది. గట్టున టీకాలమ్మ నిలబడి ఉంది. సరోజ వేలి ఉంగరానికి అంటిన తేనె చూసి ఆవిడ సరోజని నానా చీవాట్లు పెట్టింది. నీకు తెలీదు, తెలీకపోవడం తప్పు కాదు, ఇప్పుడు తెలిశాక మళ్ళీ పెడితే తప్పు అంది. ఏడాది దాకా బొట్టు తేనె వద్దు, బారసాల నాడు కూడా వద్దు, ముసలివాళ్ళు పెట్టమన్నా వద్దు, నీ పాలే చాలు, ఒకవేళ పెట్టి ఉంటే బిడ్డ పాలు సరిగా తాగకపోయినా మెడ వాల్చినా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తు అంది. సరోజ ఉంగరం గోదావరిలో కడిగేసుకుంది. కథలో పైట ఎగరలేదు, ఎవరి కళ్ళూ కనబడలేదు. అంత పేలవమైన కథ ఆ సంఘంలో ఎవరూ రాసి ఉండరు. వీరవేణి దాన్ని మళ్ళీ చదువుకోకుండానే పెట్టేసింది.

వెంటనే అద్భుతాలు రాసాగాయి. ఒకటి తరవాత ఒకటి, చెరుకురసం గ్లాసు ఖాళీ అయ్యేలోపే వరసగా వచ్చి పడ్డాయి. వాటిలో పిల్లకాలువది కూడా ఉంది. వీరవేణి ఏడుస్తూ నవ్వి మొగుడికి చూపించింది. చదివిందయ్యా, చూడు, చదివింది, అంది.

దొరబాబు ఫోను తీసుకుని కాసేపు చూశాడు. కథ పెట్టిన సమయమూ, పిల్లకాలువ అద్భుతం అన్న సమయమూ ఒకటే. అంత కథ అంతలో ఎవరు చదవగలరని అడిగాడు. అప్పుడు వీరవేణికి గుర్తొచ్చింది. జవాబు ఆలస్యమైతే రచయిత ఆందోళన పడతాడని, కిందటి వారమే విభాగం ఒక ఏర్పాటు చేసింది. కథ పడగానే సభ్యులందరి తరఫునా అద్భుతం దానంతటదే వెళ్ళిపోతుంది. చదివినవాళ్ళూ అదే అంటారు, చదవనివాళ్ళూ అదే అంటారు, ఫోను చేతిలో లేనివాళ్ళూ అదే అంటారు.

ఆమె చూస్తుండగానే కథ కనబడకుండా పోయింది. దాని స్థానంలో సోమసుందరం గారి తాజా తీర్పు వచ్చింది. రెండవ కథలోని టీకాలమ్మ అను పాత్ర మొదటి కథను చీవాట్లు పెట్టుచున్నది గనుక, ఒక కథ మరొక కథను విమర్శించుటయే గనుక, సదరు రెండవ కథను బీరువాలో భద్రపరచడమైనది. మణిమాల మేడం కింద ఒక పువ్వు బొమ్మ పెట్టారు. తడి ఇసుక గారి మనసుకి విశ్రాంతి అవసరం గనక, ఆమెని కొంతకాలం సంఘం నుంచి ప్రేమగా తప్పించామని రాశారు. ఆ మాట చదివి ముగించేలోపు గ్రూపే మాయమైంది.

కథ కనబడిన ఆ కాసేపట్లో పిల్లకాలువ చదివిందో, పాపకి పాలిస్తూ ఉందో, ఫోను తలగడ కిందే ఉందో వీరవేణికి తెలియదు. తెలుసుకునే దారి లేదు. చెరుకురసం బండి పక్కనే నిలబడి, పాప పుట్టిన శుక్రవారం నుంచి ఇరవయ్యొకటో రోజు, బారసాల, ఏనాడవుతుందో వేళ్ళు మడిచి లెక్కేసింది. గురువారం అవుతుంది.

ఇది చదువుతున్నవాళ్ళు గోదావరి జిల్లాలవాళ్ళయినా, ఇంకెక్కడివాళ్ళయినా సరే. మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో ఈ గురువారం బారసాల జరిగే ఇల్లుంటే, పిలుపు రాకపోయినా ఒకసారి వెళ్ళండి. ముందుగా వెళ్ళండి. ఆ పిల్ల తల్లిని పక్కకి పిలిచి ఒక్క ముక్క చెప్పండి. గురువారం దాటిపోయాక గాని ఇది మీ కంటపడకపోతే, అప్పుడు కూడా వెళ్ళండి. పాప పాలు బాగా తాగుతోందా, మెడ నిలుపుతోందా అడగండి. బాగానే ఉందండీ అని వాకిట్లోంచే పంపేస్తే వచ్చెయ్యకండి. లోపలికి వెళ్ళి, మీ కళ్ళతో చూసి రండి.